రేణిగుంట రెక్కలు – 9: కాక్‌పిట్‌లో కుర్చీలు రెండే

రేణిగుంట విమానాశ్రయం బయట వరసలో ఉండే టాక్సీవాళ్లు ఆకాశం వంక చూడరు. చప్పుడు వింటే చాలు వాళ్లకు. "ఫ్యాన్ల విమానం సామీ ఇది. నిండా ఎక్కినా డెబ్బై మందే. అందులో సగం మంది ముందే బండ్లు మాట్లాడుకోనుంటారు. మాకు మిగిలేది పదిమందో పన్నెండు మందో" అని ఒకాయన కూర్చున్నచోటి నుంచి కదలకుండా లెక్క తేల్చేశాడు. కాసేపటికి ఎయిర్‌బస్ దిగింది. అప్పుడు మాత్రం లేచి, చొక్కా సర్దుకుని, గేటు వైపు నడిచాడు.

ఆయన బయట వేసుకున్న లెక్కనే విమాన కంపెనీ లోపల కూర్చుని వేసుకుంటుంది. ఏటీఆర్ 72లో దాదాపు డెబ్బై సీట్లు. ఎయిర్‌బస్ 320లో నూట ఎనభై. కానీ ఈ రెండింటిలో ఏ విమానమైనా కాక్‌పిట్‌లో నడిపే కుర్చీలు రెండే: కెప్టెన్‌కు ఒకటి, కో-పైలట్‌కు ఒకటి. మాటవరసకు ఒక ట్రిప్పుకు ఇద్దరి జీతం కలిపి 36 వేలనుకుందాం. పెద్ద విమానంలో సీటుకు 200 రూపాయలు పడుతుంది, చిన్నదాంట్లో 500 దాటుతుంది. కాబట్టి చిన్న విమానానికి చిన్న జీతం అంటుంది కంపెనీ. అదే ఆకాశం, అదే వాన, అదే ఇద్దరం కదా అంటాడు పైలట్. ఈ తగువు తెగనప్పుడల్లా కంపెనీలు ఒకటే ఉపాయం పన్నుతూ వచ్చాయి. ఇంట్లో జీతం తగ్గించలేకపోతే పక్కన వేరు కుంపటి పెట్టడం. విమానం మీద పేరు పెద్దన్నది, లోపల నడిపే మనిషి తమ్ముడి ఇంటివాడు.

మన రేణిగుంటకు ఈ కథ ఎందుకంటే, ఇక్కడికి వచ్చినవి ఎక్కువగా తమ్ముళ్ల విమానాలే. మద్రాసు ఇక్కడికి నూట ముప్ఫై, నూట నలభై కిలోమీటర్లు. చిత్తూరు పట్నంలో ఉన్నవాడికి దూరం పోవాలంటే మొదట గుర్తొచ్చేది మద్రాసో, బెంగళూరో. హైదరాబాద్ నుంచి తిరుమల కొండకు వచ్చేవాళ్లకు రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దించే రైళ్లున్నాయి. నారాయణాద్రికి, వెంకటాద్రికి పోటీగా పెద్ద జెట్ విమానాన్ని రోజూ నింపడం చాలాకాలం ఎవరి వల్లా కాలేదు. అందుకే మన ఊరి విమానం బతుకు ఆ రెండు కుర్చీల తగువుకు ముడిపడి ఉంది.

*

మూడో భాగంలో డెక్కన్ ఎయిర్‌వేస్ కథ చెప్పుకున్నాం. 1953 ఆగస్టు 1న అదీ, మరో ఏడు కంపెనీలూ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి. ఎనిమిది ఇళ్ల పైలట్లు ఒక కప్పు కిందికి చేరారు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

బయటివాళ్లకు ఇది చిన్న విషయంలా కనబడుతుంది. పైలట్‌కు మాత్రం జీతం కన్నా ముఖ్యం సీనియారిటీ నంబరు. కో-పైలట్ కుర్చీ నుంచి కెప్టెన్ కుర్చీకి ఎప్పుడు మారతాడు, చిన్న విమానం నుంచి పెద్దదానికి ఎప్పుడు పోతాడు, దీపావళికి ఇంట్లో ఉంటాడా గౌహతి హోటల్లో ఉంటాడా, అన్నీ ఆ నంబరే చెబుతుంది. కంపెనీ మారితే పాతికేళ్ల అనుభవం ఉన్నవాడు కూడా జాబితాలో అట్టడుగుకు పోవాల్సిందే. రెవెన్యూ ఆఫీసులో పనిచేసినవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు. సీనియారిటీ జాబితా మీద కోర్టుకెక్కని శాఖ మన రాష్ట్రంలో ఏదైనా ఉందేమో నాకు తెలియదు.

చిన్న ఊళ్లకు వేరు కుంపటి అన్న ఆలోచన మన దేశంలో 1981లో రూపం కట్టింది. ఆ ఏడాది జనవరి 26న వాయుదూత్ మొదలైంది. ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ చెరి సగం పెట్టిన సంస్థ. మొదట ఈశాన్య రాష్ట్రాల కోసం పెట్టినా, తర్వాత దేశమంతా చిన్న పట్నాలకు పాకింది. కాన్పూరులో తయారైన 19 సీట్ల డార్నియర్లు నడిపింది. పెద్దన్నలు వదిలేసిన దారులన్నీ దానికే దక్కాయి, వాటితోపాటు నష్టాలూ దక్కాయి. 1993లో దాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలపాలని ప్రభుత్వం నిర్ణయించింది. కలిపారు గానీ, ఒకే పొయ్యి మీద వండలేదు. షార్ట్ హాల్ ఆపరేషన్స్ డిపార్ట్‌మెంట్ అని లోపలే ఒక గది కట్టి వాయుదూత్‌వాళ్లను అందులో కూర్చోబెట్టారు. కోడలు ఇంట్లోకి వచ్చింది, వంటింట్లోకి రానివ్వలేదు.

*

అదే 1993 మొదట్లో ఇంతకన్నా పెద్ద కథ ఒకటి నడిచింది. దాని ఒక కొస హైదరాబాద్ బేగంపేటలో ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

1992 డిసెంబరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మెకు దిగారు. అప్పుడు పౌర విమానయాన మంత్రి మాధవరావు సింధియా. దేశం లోపల తిరగడానికి దాదాపు ఆ ఒక్క సంస్థే దిక్కు. విమానాలు నిలిచిపోతే ప్రభుత్వం ఎన్నాళ్లు ఊరుకుంటుంది? బయటినుంచి విమానాలను పైలట్లతో సహా తెప్పించింది. విమానయానం భాషలో దాన్ని వెట్ లీజ్ అంటారు. మన సీమ రైతుకు చెప్పాలంటే సులువు. పొలం ఒక్కటే కౌలుకిస్తే డ్రై లీజు, పొలంతోపాటు ఎద్దులు, నాగలి, సేద్యగాడు అందరినీ కలిపి ఇస్తే వెట్ లీజు. పంట మనది, పేరు మనది, మడకపట్టే చెయ్యి మాత్రం వేరొకరిది.

అలా ఉజ్బెకిస్తాన్ నుంచి వచ్చినవే టుపొలేవ్ 154లు. మూడు ఇంజన్ల పాత సోవియట్ జెట్లు. 1993 జనవరి 9న వాటిలో ఒకటి ఇండియన్ ఎయిర్‌లైన్స్ 840 నంబరుతో హైదరాబాద్‌లో లేచి ఢిల్లీకి పోయింది. మొత్తం 165 మంది. ఢిల్లీలో పొగమంచు. దిగేటప్పుడు విమానం రన్‌వే పక్కకు తగిలింది, తిరగబడింది, మంటలంటుకున్నాయి. తలకిందులైన విమానంలోంచి మనుషులు బయటికి పాకారు. ఒక్కరు కూడా చనిపోలేదు. ఆ విమానం ఫోటో చూసినవాళ్లెవరూ ఆ మాట వెంటనే నమ్మరు.

సింధియా బాధ్యత తనదని రాజీనామా చేశారు. రైలు ప్రమాదానికి లాల్‌బహదూర్ శాస్త్రి రాజీనామా చేసిన సంగతి మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరూ చనిపోని ప్రమాదానికి మంత్రి దిగిపోయిన ఈ సంగతి ఎందుకో అంతగా గుర్తులేదు.

ఆ సమ్మెలో పైలట్లవైపు న్యాయమెంత, మొండితనమెంత అన్నది వేరే చర్చ. జనం ఇబ్బంది పడ్డారు, పైలట్లను తిట్టారు, తిట్టడంలోనూ కొంత న్యాయముంది. కానీ ఆ రెండు కుర్చీల్లో కూర్చునేవాళ్లను బయటినుంచి తెచ్చుకోవచ్చు అన్న సంగతి ఢిల్లీకి అప్పుడే తెలిసొచ్చింది. అది తెలిశాక ఎవరూ మరిచిపోలేదు.

*

1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దయింది. నలభై ఏళ్ల గుత్తాధిపత్యం పోయింది. ప్రైవేటు కంపెనీలు రెండింతలు, మూడింతలు జీతమిస్తామంటే ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు గుంపులు గుంపులుగా వెళ్లిపోయారు. బోయింగ్ 737లు ఉన్నాయి, నడిపేవాళ్లు లేరు. ఉన్నవాళ్లకు జీతం పెంచితే మిగతా సిబ్బంది అందరూ అడుగుతారు. పెంచకపోతే ఉన్నవాళ్లూ పోతారు.

దానికి దొరికిన మందు అలయన్స్ ఎయిర్. ఎయిర్‌లైన్ అలైడ్ సర్వీసెస్ అని 1983లోనే రిజిస్టరై ఊరికే పడున్న ఒక కంపెనీని దుమ్ము దులిపి బయటికి తీశారు. 1996లో పాత 737లు దాని చేతికిచ్చి, కాంట్రాక్టు మీద పైలట్లను పెట్టారు. తల్లి కంపెనీ జీతాల పట్టికకు, యూనియన్ ఒప్పందాలకు వీళ్లతో సంబంధం లేదు. టికెట్ అమ్మే కిటికీ ఒకటే, ఎక్కే విమానం వేరు.

2000 జులై 17న పాట్నాలో దిగబోతూ అలయన్స్ 737 ఒకటి ఇళ్ల మీద కూలింది. విమానంలో 55 మంది, కింద అయిదుగురు పోయారు. తల్లి కంపెనీ వాడేసిన పాత విమానాలను కూతురికి కట్టబెడతారా అని దేశమంతా నిలదీసింది. విచారణ మాత్రం విమానం వయసును కాదు, దాన్ని నడిపినవాళ్ల పొరపాటును తప్పుపట్టింది. రెండు మాటలూ పక్కపక్కనే పెట్టి చదువుకోవాలి. నడిపేవాళ్ల శిక్షణ ఎవరి పూచీ, తల్లిదా, కూతురిదా అన్నదే నన్ను వెంటాడే ప్రశ్న.

*

ఇదే కాలంలో అమెరికాలో ఇదే తగువు ఇంకా పచ్చిగా నడిచింది. అక్కడ 50 సీట్ల జెట్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. వాటిని ప్రాంతీయ జెట్లంటారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాటిని తన అనుబంధ సంస్థ అమెరికన్ ఈగిల్‌కు ఇస్తానంది. మా కంపెనీ పేరుతో ఎగిరే జెట్‌ను మేమే నడపాలని పెద్ద కంపెనీ పైలట్లు పట్టుబట్టారు. 1997 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి దాటగానే సమ్మె మొదలైంది. నిమిషాల్లోనే అధ్యక్షుడు క్లింటన్ రైల్వే కార్మిక చట్టం కింద జోక్యం చేసుకుని ఆపేశారు. విమానాల తగువుకు రైల్వే చట్టమేమిటంటారా? 1926 నాటి ఆ చట్టాన్నే తర్వాత విమానాలకూ వర్తింపజేశారు. మన దగ్గర బ్రిటిష్‌వాళ్ల చట్టాలు ఇంకా నడుస్తున్నాయని మనమే సిగ్గుపడనక్కర్లేదు.

అక్కడి పైలట్లు ఒప్పందాల్లో స్కోప్ అనే షరతు రాయించుకున్నారు. అనుబంధ సంస్థలు ఎంత పెద్ద విమానం నడపొచ్చో, ఎన్ని నడపొచ్చో గీత గీసే షరతు అది. పెద్ద కంపెనీల్లో చివరికి ఆ గీత 76 సీట్ల దగ్గర, దాదాపు 39 టన్నుల బరువు దగ్గర నిలిచింది. జపాన్‌వాళ్లు ఎన్నో ఏళ్లు కష్టపడి చేసిన స్పేస్‌జెట్ ఆ బరువు దాటింది. 2023లో ఆ ప్రయత్నాన్నే మానుకున్నారు. కారణాలు ఇంకా ఉన్నా, ఆ గీత వాటిలో ఒకటి.

మన దగ్గర అలాంటి ఒప్పందం లేదు. కానీ పన్నుల చట్టంలో అదే చోట ఒక గీత ఉంది. 40 వేల కిలోల లోపు విమానాలు నింపుకునే ఇంధనం మీద అమ్మకం పన్ను నామమాత్రం. 80 సీట్ల లోపు విమానాలకు విమానాశ్రయాల సంస్థ ల్యాండింగ్ రుసుము వదిలేస్తుంది. అక్కడ పైలట్లు పోట్లాడి గీసుకున్న గీత, ఇక్కడ ప్రభుత్వం చిన్న ఊళ్లకు మేలు చేద్దామని గీసిన గీత, దాదాపు ఒకే బరువు దగ్గర కలిశాయి. ఫలితం కూడా ఒకటే: గీతకు ఇవతలి విమానానికి ఒక కంపెనీ, అవతలి విమానానికి మరో కంపెనీ.

స్కోప్ వల్ల అమెరికా పైలట్లకు జరిగింది పూర్తిగా మేలేమీ కాదు. గీతకు పైనున్న సీనియర్లు తమ జీతాలు పెంచుకుని, కిందివాళ్లను వాళ్ల ఖర్మకు వదిలేశారన్న మాట అక్కడ బలంగా ఉంది. నాకూ అది నిజమే అనిపిస్తుంది. 2001లో డెల్టా అనుబంధ సంస్థ కామెయిర్ పైలట్లు 89 రోజులు సమ్మె చేయాల్సి వచ్చింది. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కూలిన విమానం మీద కాంటినెంటల్ పేరుంది, నడిపింది మాత్రం కోల్గన్ అనే చిన్న కంపెనీ. 50 మంది చనిపోయారు. కోల్గన్ పైలట్ల అలసట, శిక్షణ, అరకొర జీతాలు బయటపడ్డాక అమెరికా కాంగ్రెస్ చట్టం మార్చింది. ప్రయాణికుల విమానంలో కో-పైలట్‌గా కూర్చోవాలన్నా మామూలుగా 1,500 గంటలు ఎగిరుండాలన్నది అప్పుడొచ్చిన నియమమే.

*

మళ్లీ మన దగ్గరికి వద్దాం. 2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఒక్కటయ్యాయి. 2011 ఏప్రిల్ 27న పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మెకట్టారు. కంపెనీ ఒకటే అయినప్పుడు జీతమూ ఒకటే కావాలన్నారు. పది రోజులు నడిచింది. మరుసటేడు మే 8 నుంచి పాత ఎయిరిండియా పైలట్లు 58 రోజులు పనిమానేశారు. కొత్త డ్రీమ్‌లైనర్ నడిపే శిక్షణ అవతలివాళ్లకు ఎందుకిస్తారన్నారు. నిన్నటిదాకా సమానత్వం అడిగినవాళ్లు ఒకవైపు, అది తమ వాటా అన్నవాళ్లు ఒకవైపు. ఈ రెండు గొడవల మధ్య అదే ఇంట్లో 70 సీట్ల సీఆర్‌జే జెట్లు, ఏటీఆర్‌లు నడిపే అలయన్స్ పైలట్ల మాట నాకు గుర్తున్నంతవరకు పెద్దగా వినబడలేదు. అన్నదమ్ములు వాటాలకు కొట్టుకుంటుంటే పెంపుడు కొడుకును ఎవరు అడుగుతారు?

ఆ తర్వాతే మన తెలుగు కంపెనీలు వచ్చాయి. విజయవాడ నుంచి ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో మొదలైంది. నడిపింది బ్రెజిల్‌లో తయారైన ఎంబ్రాయర్ జెట్లు, అంటే అమెరికా పైలట్లు కొట్టుకున్న ఆ జాతి విమానాలే. మొదట 170లు. ఇవి పైన చెప్పిన గీతకు ఇవతల ఉండేవి. తర్వాత 112 సీట్ల 190లు తెచ్చారు. ఇవి గీత దాటేశాయి. చిన్న విమానానికి దక్కే రాయితీ పోయింది, పెద్ద విమానానికి దక్కే లాభం రాలేదు. తిరుపతికీ వచ్చిన ఆ కంపెనీ 2017 ఫిబ్రవరి చివర్లో ఆగిపోయింది.

హైదరాబాద్ నుంచి ట్రూజెట్ 2015 జులై 12న మొదలైంది. తొలి విమానం వచ్చింది మన రేణిగుంటకే. ఆ ఏడాది అక్టోబరు 22న ఇక్కడ గరుడ అనే కొత్త టెర్మినల్ తెరిచారు. గుండ్లు కొట్టించుకుని, గంధం పూసుకుని, లడ్డూ సంచులు ఒళ్లో పెట్టుకుని ఏటీఆర్ మెట్లెక్కే యాత్రికులు ఆ రోజుల్లో నాకు బాగా గుర్తు. తిరుగు ప్రయాణంలో విమానమంతా నెయ్యి, యాలకుల వాసనే. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైన రోజున కడప–హైదరాబాద్ విమానం కూడా వాళ్లదే. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్టూ ఆగింది.

కంపెనీ మూతపడితే ప్రయాణికుడు మరో టికెట్ కొనుక్కుంటాడు. కెప్టెన్ మాత్రం కొత్త కంపెనీ జాబితాలో నిన్నగాక మొన్న చేరిన కుర్రాడి వెనక నిలబడతాడు. ఏటీఆర్ నడపడానికి తీసుకున్న శిక్షణ ఎయిర్‌బస్‌కు పనికిరాదు, మళ్లీ చదవాలి. పైగా 2017లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన నియమం ప్రకారం కెప్టెన్ ఉద్యోగం మానాలంటే ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు అతను ఇవ్వాలిగానీ, మునిగిపోయే కంపెనీ అతనికి ఇవ్వదు.

ఈలోగా ఇండిగో కూడా 2017 చివర్లో ఏటీఆర్‌లు తెచ్చి మన ఊరికీ నడిపింది. వేరు కుంపటి పెట్టలేదు, ఒకే కప్పు కింద ఉంచింది. అయినా ఏటీఆర్ కెప్టెన్ జీతం, ఎయిర్‌బస్ కెప్టెన్ జీతం ఒకటి కాలేదు. కర్ణాటక కేంద్రంగా నడిచే స్టార్ ఎయిర్ 50 సీట్ల ఎంబ్రాయర్ 145లు తెచ్చింది. నడవకు ఒకవైపు ఒకే సీటు, మరోవైపు రెండు. కిటికీ కోసం పిల్లలు కొట్టుకోనక్కర్లేని విమానం.

అలయన్స్ కథకు చివరి మలుపు 2022లో వచ్చింది. జనవరి 27న ఎయిరిండియా టాటాల చేతికి పోయింది. అలయన్స్ పోలేదు, ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. అప్పటిదాకా తల్లి నంబరుతోనే ఎగిరిన విమానాలు ఏప్రిల్ 15 నుంచి సొంత నంబరుతో ఎగరడం మొదలుపెట్టాయి. 1996లో వేరు పెట్టినప్పుడు తాత్కాలికమనుకున్న గోడ, పాతికేళ్ల తర్వాత ఇల్లమ్మినప్పుడు సరిహద్దయింది. టాటాలు ఎయిరిండియాకు వందల కొత్త విమానాలు ఆర్డరు పెట్టారు. వాటిని నడిపే జాబితాలో అలయన్స్ పైలట్ పేరు లేదు. కావాలంటే కొత్తగా దరఖాస్తు పెట్టుకుని, అట్టడుగున చేరాలి.

నా సొరుగులో రెండు బోర్డింగ్ కార్డులున్నాయి. రెండూ హైదరాబాద్ నుంచి తిరుపతికే. రెండూ అదే ఏటీఆర్, అదే గంటా కాసేపు, చివర్లో కుడివైపు కొండలు. మొదటిదాని మీద ఏఐ అని, పక్కన తొమ్మిదితో మొదలయ్యే నాలుగంకెల నంబరు. రెండోదాని మీద 9ఐ, పక్కన మూడంకెలు. పాతదాని అచ్చు వెలిసిపోతోంది. ఏఐ అన్న రెండక్షరాలు కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూస్తేగానీ కనబడవు.

(వచ్చే వారం: రన్‌వే పొడిగింపు, దాని కింద పోయిన పొలాలు)